చెలమ గీకే చప్పుడు

మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆ చప్పుడు మొదలవుతుంది. కొబ్బరి చిప్పతో తడి ఇసకను గీకే చప్పుడు. మూడు గీకులు, కాసేపు ఆగడం, మళ్ళీ మూడు గీకులు. చెలమలో నీళ్ళు ఊరడానికి ఎంతసేపు పడుతుందో బాగా తెలిసిన మనిషి మాత్రమే అంత సరిగ్గా ఆగగలదు. పంచలో కూర్చుని చినిగిన వల బాగుచేస్తున్న నాగులమ్మ చెయ్యి ఆపి చెవులు రిక్కించింది.

“గంగా, వాగులో ఎవురో చెలమ తీస్తుండారు. చూసి రామే.”

గంగాభవాని ఆమె కోడలు. ఈ ఏడాదిలో ఈ మాట ఎన్నిసార్లు విందో, విసుక్కోవడం కూడా మానేసింది. నాలుగు నెలల పసిబిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలోంచే తల బయటికి పెట్టి చూసింది.

“ఎవురూ లేరత్తా. ఎండిన ఇసకలో చెలమేంది?”

నిజమే. పిల్లవాగు ఏడాదిలో మూడు నెలలే వాగు. మిగతా తొమ్మిది నెలలూ గేదెలు నడిచే ఇసక దారి. కార్తీకం ముంగిట ముసురు పట్టి, పడమట రెండు పెద్ద వానలు పడితే అది లేస్తుంది. టౌను పక్కగా వచ్చి, వరిచేలు, రొయ్యల గుంటలు దాటుకుని, తీరా సముద్రం కనపడే చోట ఇసక మేట అడ్డొచ్చి ఆగిపోతుంది. ఆ మేటను పారలతో కోసి వాగును సముద్రంలో కలపడాన్ని పాలెంలో మొగ కొట్టడం అంటారు. మొగ తెగితే సముద్రంలోంచి రొయ్య, మాగ చేప వాగులోకి ఎక్కుతాయి. పెద్ద మరబోట్లు ఊడ్చుకుపోగా చిన్న తెప్పల వాళ్ళకు మిగిలిన కూడు అదే. ఆడవాళ్ళకు మాత్రం మొగ కంటే చెలమ ముఖ్యం. వాగు ఒడ్డు ఇసకలో మోచేతి లోతు గుంట తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో బిందెకెత్తుకుంటే సంక్రాంతి దాకా తాగడానికి దిగుల్లేదు.

అయితే మొగ కొట్టడానికి ఎవరికి తోచినప్పుడు వాళ్ళు పార ఎత్తితే కుదరదు. దానికో ఇల్లుంది. ఆ ఇంటి ఆడమనిషి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి మూడు దోసిళ్ళు తీసుకుంటుంది. ఒకటి సముద్రం వైపు చల్లుతుంది, ఒకటి నెత్తిన పోసుకుంటుంది, మూడోది మింగి రుచి చెబుతుంది. తీపి అంటే మొగ కొడతారు, చెలమలు తీస్తారు. ఉప్పు అనో చేదు అనో అంటే పారలు ఇంటికి పోతాయి. ఆమె మాటకు ఏడాది పాటు ఎదురు లేదు. నాగులమ్మది ఆ రుచి చెప్పే ఇల్లు. అత్తగారి దగ్గర్నుంచి ఆమెకు వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా చెబుతోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నాగులమ్మ చేసిన పని ఎవరికీ అర్థం కాదు. ఆమె భర్త నరసయ్య పోయి పన్నెండేళ్ళయింది. భర్త పోయిన ఆడదాన్ని పాలెం ఎక్కడ కూర్చోబెడుతుందో అందరికీ తెలిసిందే. పెళ్ళిలో వెనక వరస, కొత్త తెప్ప నీళ్ళలోకి దించేటప్పుడు తలుపు చాటు. కానీ రుచి చెప్పే రోజు మాత్రం అదే పాలెం ఆమె కాళ్ళకు పసుపు రాస్తుంది, నుదుట కుంకం పెడుతుంది, చేతిలో కొత్త చీర పెడుతుంది. ఏడాదికి ఒక్క పూట. ఆ ఒక్క పూట కోసం ఆమె మిగతా ఏడాదంతా వెనక వరసలో నోరెత్తకుండా కూర్చునేది.

అయిదేళ్ళ కింద ఊరంతా మూతికి గుడ్డలు కట్టుకుని తిరిగిన రోజుల్లో ఆమెకూ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది. వాసన, రుచి మాత్రం పోయినవి పోయినట్టే పోయాయి. అందరికీ నెలలోనో రెండు నెలల్లోనో తిరిగొచ్చాయి, ఆమెకు రాలేదు. ఎండుచేప నోట్లో పెట్టుకుంటే గుడ్డ నమిలినట్టుండేది. ఒకరోజు కొడుకు మధుబాబు “అమ్మా, పులుసులో ఉప్పు రెండుమాట్లు వేసినావా” అన్నాడు. మర్నాటి నుంచి ఆల్చిప్పతో కొలిచి ఉప్పు వెయ్యడం మొదలుపెట్టింది. ఆల్చిప్ప నిండా అయితే పులుసుకు, సగమైతే వేపుడుకు. అప్పట్నుంచి ఆమె వంటకు వంక పెట్టిన వాళ్ళు లేరు.

వాగు దగ్గర కూడా అంతే జరిగింది. మొదటి ఏడాది భయపడుతూనే మూడో దోసిలి మింగి తీపి అంది. ఏమీ కాలేదు. రెండో ఏడాదికి భయం సగమైంది. మూడో ఏడాదికి తనకు నిజంగానే రుచి తెలుస్తోందేమోనన్న నమ్మకం కూడా కుదిరింది. అబద్ధానికి అలవాటు పడ్డ నాలుక ఏం చెప్పినా వింటుంది కాబోలు.

ఈలోగా పైన టౌను పెరుగుతూ వచ్చింది. వాగు పక్కన చేలున్న చోట అపార్టుమెంట్లు లేచాయి, కల్యాణ మండపాలు లేచాయి. వాటి మురుగంతా గొట్టాల్లో వచ్చి రోడ్డు వంతెన కింద పడుతుంది. ఏడాది పొడుగునా అక్కడే నల్లగా నిలవుండి, మొదటి వాన రాగానే కట్ట కట్టుకుని కిందికి దిగుతుంది. పాలెంలో సగం మంది క్యాను నీళ్ళకు మళ్ళారు. మళ్ళని వాళ్ళలో మొదటి మనిషి రాఘవమ్మ.

రాఘవమ్మ, నాగులమ్మ ఒకే ఏడు ఆ పాలేనికి కాపురానికి వచ్చారు. ఒకే బుట్టలో చేపలు మోశారు, ఒకే బస్సులో కావలి సంతకు పోయి ఒకే టీ చెరిసగం తాగారు. సరుగుడు తోపు పక్కన రాఘవమ్మ చెలమ ఉండేది. మూడు గీకులు గీకి, నీళ్ళు ఊరేదాకా నాగులమ్మతో కబుర్లు చెప్పి, మళ్ళీ మూడు గీకులు గీకేది. ఆ మధ్యలో ఎవరి కోడలు ఎవరి మీద అలిగిందో పాలెం చరిత్రంతా అయిపోయేది.

రెండేళ్ళ కింద వినాయక చవితినాడు రాఘవమ్మ గిన్నెలో పాయసం తెచ్చింది. నాగులమ్మ నాలుగు చెంచాలు తిని “బాగా కుదిరిందే” అంది. రాఘవమ్మ ఆమె మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత గిన్నె లాగేసుకుని “చాల్లే, చల్లారిపోయింది” అంటూ వెళ్ళిపోయింది. ఇదేం చోద్యం అనుకుంది నాగులమ్మ అప్పుడు. అంతటితో మరిచిపోయింది.

పోయినేడు వాగు వచ్చిన రోజున నీళ్ళ మీద తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా తేలింది. నాగులమ్మకు కళ్ళు పోలేదు కదా, చూసింది. కానీ కాళ్ళకు పసుపు రాసి ఉంది. మేట మీద పారలు పట్టుకుని ఇరవైమంది మగవాళ్ళు ఆమె నోటి వైపు చూస్తున్నారు. కొత్త వాగుకు ఆ మాత్రం నురగ ఉండదా అనుకుని మింగింది. తీపి అంది. డప్పులు మోగాయి, మొగ తెగింది.

ఆమె మింగింది ఒక్క దోసిలి. రాఘవమ్మ పది రోజులు తాగింది. వాంతులు, విరేచనాలు పట్టుకుని పదకొండో రోజు ఆసుపత్రిలో పోయింది. పాలెంలో ఇంకా పదిహేనుమంది మంచాన పడ్డారు గానీ తేరుకున్నారు. ఎవరో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. ఏం తేలిందో ఈనాటికీ చెప్పినవాళ్ళు లేరు. ఎవరూ నాగులమ్మను ఒక్క మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. రాఘవమ్మ కూతురు ఉషారాణి కూడా ఎదురుపడితే “బాగుండావా పెద్దమ్మా” అనే అడిగేది.

పెద్దకర్మ మర్నాడు, మిట్టమధ్యాహ్నం, మొదటిసారి ఆ చప్పుడు వినపడింది. నాగులమ్మ పరుగున వాగులోకి పోయింది. రాఘవమ్మ చెలమ పూడిపోయి ఉంది. అడుగుజాడ లేదు. ఇంటికొచ్చి కూర్చుంటే మళ్ళీ మూడు గీకులు. అప్పట్నుంచి వాగు ఎండినా ఆగలేదు.

*

ఈ ఏడు అట్లతద్ది దాటిన వారానికి ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారి చూస్తే పిల్లవాగు వచ్చి మేట వెనక నిలబడి ఉంది.

పాలేనికి పెదకాపు, అంటే ఊరిపెద్ద, చిన్నపోలయ్య. నరసయ్యకు తమ్ముడి వరస. గొడుగేసుకుని ఇంటికొచ్చాడు.

“వదినా, రేపు పొద్దున రుచి చెప్పాల.”

నాగులమ్మ ఏడాదిగా ఆలోచించి పెట్టుకున్న మాట అప్పుడు బయటపెట్టింది. “నాకు వయసు మీద పడింది పోలయ్యా. ఈ యేడు నుంచి గంగకు అప్పజెప్తా.”

ఇందులో ఆమె లెక్క ఒక్కటే. కోడలికి నాలుక ఉంది, ముక్కు ఉంది. అది చెబితే నిజమే చెబుతుంది. తన సంగతి ఎవరికీ తెలియకుండా, పెద్దరికం ఇంట్లోనే ఉండిపోతుంది. నిజం ఒప్పుకునే పని తప్పించుకోవడానికి మనిషి ఎన్ని తెలివైన దారులైనా వెతుకుతాడు. నాగులమ్మ అందుకు మినహాయింపు కాదు.

చిన్నపోలయ్య గడ్డం గోక్కున్నాడు. “అప్పజెప్పు, కాదనేదేముండాది. అయితే పద్ధతి తెలుసు గదా. మొదటేడు కోడలు మింగాల, అత్త వాసన పట్టి చెప్పాల. నిన్ను దింపినప్పుడూ మీ అత్త అట్టనే చెప్పింది.”

ఆమె అది మరిచిపోయింది. ముప్ఫయ్యేళ్ళ కిందటి మాట. తాను మింగింది, అత్తగారు తీపి అంది. ఇప్పుడు గంగ మింగుతుంది, తాను చెప్పాలి. సరేనన్నట్టు తలూపింది. గంగాభవాని అయితే లోపల సంతోషపడుతూనే ఉంది. పసుపు, కుంకం, కొత్త చీర, ఊరంతా ముందు నిలబడడం ఎవరికి చేదు?

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. మేట మీద మగవాళ్ళు పారలతో నిలబడ్డారు. ఆడవాళ్ళు అత్తాకోడళ్ళిద్దరికీ కాళ్ళకు పసుపు రాశారు. పసిబిడ్డను ఉషారాణి ఎత్తుకుంది. నాగులమ్మ నీళ్ళ వైపు చూసి ఆగిపోయింది. పోయినేటి నురగ దీని ముందు ఎందుకూ చాలదు. ఒడ్డు పొడుగునా బురద రంగులో నురగ, దాని మీద థర్మకోల్ ముక్కలు, పెళ్ళి భోజనాల పేపరు గ్లాసులు, ఉబ్బిన ఎలుక ఒకటి. నీళ్ళు నల్లగా ఉన్నాయి. చుట్టూ చూస్తే ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. మగవాళ్ళు తువ్వాళ్ళు కట్టుకుని ఉన్నారు. వాసన తెలియనిది ఆ గుంపులో తనొక్కదానికే.

పోయినేడు కూడా ఇలాగే కొంగులు అడ్డం పెట్టుకున్నారా? ఎంత తలుచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. అప్పుడు వాళ్ళ వైపు చూడనేలేదు.

గంగాభవాని నీళ్ళలోకి దిగింది. కంపుకు మొహం పక్కకు తిప్పుకుంది. అయినా మోకాలి లోతు దాకా పోయింది, ఊరంతా చూస్తోంది మరి. మొదటి దోసిలి సముద్రం వైపు చల్లింది. రెండోది నెత్తిన పోసుకుంది. నల్లటి నీళ్ళు కుంకం మీదుగా మొహం మీదికి కారాయి. మూడో దోసిలి ఎత్తింది. ఒడ్డున ఉషారాణి చేతుల్లో పసిబిడ్డ పాల కోసం ఏడుపు అందుకుంది.

నాగులమ్మ చీర తడుస్తోందని కూడా చూసుకోలేదు. రెండంగల్లో నీళ్ళలోకి పోయి కోడలి చేతులు కొట్టేసింది. నీళ్ళు చెదిరి ఇద్దరి మీదా పడ్డాయి.

“తాగొద్దు” అంది.

మేట మీద గుసగుసలు లేచాయి. చిన్నపోలయ్య ముందుకొచ్చాడు. “ఏందొదినా ఇది? మొగ దగ్గిర దోసిలి కొట్టేసేది యాడన్నా ఉండాదా?”

“నాకు రుచి లేదు పోలయ్యా.” మేట మీది వాళ్ళందరికీ వినపడేలా చెప్పింది. “జ్వరమొచ్చిన యేటి నుంచి లేదు. వాసనా లేదు. ఇన్నేళ్ళూ మీకు ఊరికినే తీపని చెప్పినా. పోయినేడు నురగ చూసి కూడా చెప్పినా. రాఘవను నేనే చంపినా.”

ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకుంది. ఎవరో మన్ను విసురుతారనుకుంది. ఉషారాణి వచ్చి జుట్టు పట్టుకున్నా ఫరవాలేదనుకుంది. ఏదీ జరగలేదు. తలెత్తి చూస్తే ఒక్క మొహంలో కూడా ఆశ్చర్యం లేదు. కొందరు నీళ్ళ వైపు చూస్తున్నారు, కొందరు పార కర్రలు సవరించుకుంటున్నారు.

“తెలుసులే వదినా” అన్నాడు చిన్నపోలయ్య మెల్లగా. “మాకు ముక్కులు లేవా? పోయినేడూ కంపు కొట్టింది, అంతకు ముందేడూ కొట్టింది. నీకు తెలీడం లేదని మాకు తెలుసు. మొగ కొట్టకపోతే రొయ్య ఎక్కదు. ఇంటికి నలుగురు తినేవోళ్ళు ఉండారు. నువ్వు తీపంటే మేం కొడతాం, నువ్వు అంటా ఉంటివి, మేం కొడతా ఉంటిమి. ఇప్పుడూ అదే మాట అను, పనైపోతాది. నీళ్ళు ఎవురూ తాగరులే ఈ యేడు.”

 నాగులమ్మ అయిదేళ్ళు తాను దాచాననుకున్న దొంగతనాన్ని ఊరంతా కలిసి దాచిపెట్టింది. ఆల్చిప్ప కొలతలు, రాత్రుళ్ళు పట్టని నిద్ర, అన్నీ ఎవరిని మోసం చెయ్యడానికి?

“రాఘవక్కూడా తెలుసా?” అని అడిగింది. అడగకుండా ఉంటే బాగుండేదని అడిగాక అనిపించింది.

ఆ మాటకు జవాబు ఉషారాణి చెప్పింది. బిడ్డను జోకొడుతూ, గొంతు పెంచకుండానే చెప్పింది. “మా అమ్మకు అందరి కన్నా ముందు తెలుసు పెద్దమ్మా. చవితికి పాయసంలో నేను చక్కెరనుకోని ఉప్పేసినా. నువ్వు నాలుగు చెంచాలు తిని బాగుండాదన్నావంట. ఇంటికొచ్చి గోడకు ఆనుకోని ఏడ్చింది. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.”

“మరి ఎందుకు తాగిందే?”

“నేనూ అదే అడిగినా. కంపు కొడతా ఉండాది, వద్దమ్మా, క్యాను తెస్తానని మొత్తుకున్నా. చెలమ దగ్గర నేను కూడా లేకపోతే నాగులు మాట మీద నమ్మకం లేదని పాలెమంతా అనుకుంటాదే అనింది. దానికి మిగిలింది ఆ ఒక్క పూటే గదా, అది కూడా పోతే ఎట్టా అనింది. ముక్కు మూసుకోని తాగింది.”

నాగులమ్మ నీళ్ళలోనే చతికిలబడింది. ఏడుపు రాలేదు. నుదుటి కుంకాన్ని చేత్తో తుడిచేసింది. తర్వాత లేచి, మేట మీది మగవాళ్ళ వైపు తిరిగింది. 

“నేను తీపి అనను. గంగ మింగదు. మీ అందరికీ నాలికలు ఉండాయి గదా. ఎవురన్నా ఒకరు దిగి, దోసిలెత్తి మింగి, తీపని చెప్పండి. మొగ కొట్టుకోండి. నేను అడ్డం రాను.”

ఇరవై పారలు ఉన్నాయి. ఇరవైమంది మగవాళ్ళు ఉన్నారు. చిన్నపోలయ్య తన పక్కనున్నవాడి వైపు చూశాడు. అతను తన పక్కవాడి వైపు చూశాడు. మధుబాబు తలవంచుకున్నాడు. ఎవరూ నీళ్ళ వైపు అడుగు వెయ్యలేదు, ఎవరూ ఇంటి వైపు కూడా వెయ్యలేదు. పొద్దు పైకెక్కింది. మబ్బు విడిపోయి ఎండ కాసింది. నురగ ఎండకు చిటచిటమని పగులుతూ ఉంది. పసిబిడ్డ పాలు తాగి తల్లి భుజాన నిద్రపోయింది. అయినా ఆ జనం అక్కడే నిలబడి ఉన్నారు.

మిట్టమధ్యాహ్నం అయింది. నాగులమ్మ రోజూలాగే చెవులు రిక్కించింది. కానీ ఈసారి ఎవరినీ అడగలేదు.

గంగాభవాని ఉలిక్కిపడి సరుగుడు తోపు వైపు తిరిగింది. “అత్తా, ఆడ ఎవురో చెలమ గీకుతుండారు.”

ఆ మాట అంటుండగానే చిన్నపోలయ్య కూడా అటు తిరిగాడు. మధుబాబు తిరిగాడు. ఒకరి తర్వాత ఒకరుగా మేట మీది తలలన్నీ తిరిగాయి. తోపు దగ్గర మనిషి లేదు. తడి ఇసక మీద చిప్ప గీకుతున్న చప్పుడు మాత్రం అందరికీ వినపడుతోంది. ఉషారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గీకే తీరు ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాగులమ్మ అటు నాలుగు అడుగులు వేసి నిలబడింది. ఏడాదిగా గొంతులో ఉండిపోయిన మాట అప్పటికి బయటికి వచ్చింది.

“తాగొద్దే రాఘవా. అవి మంచినీళ్ళు కావు. నేను అబద్ధం చెప్పినా.”

మూడో గీకు దగ్గర చప్పుడు ఆగింది. చెలమలో నీళ్ళు ఊరడానికి ఎంతసేపు పడుతుందో పాలెంలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. అంతసేపూ వాళ్ళు పారలు పట్టుకుని, మళ్ళీ మొదలవుతుందేమోనని వింటూ నిలబడ్డారు.